లూథర్ పాఠంలో రైతులెక్కడ?

మన తరగతి గదుల్లో యూరపు మతసంస్కరణోద్యమం ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే పరీక్షపేపరు చూస్తే చాలు. "మతసంస్కరణోద్యమానికి కారణాలు, ఫలితాలు వివరించండి", "మార్టిన్ లూథర్ గురించి రాయండి", "కాల్విన్, జ్వింగ్లీ – లఘుటీక" అనే మూడింటిలో ఏదో ఒకటి వస్తుంది. చర్చిలో అవినీతి, పాపపరిహార పత్రాలు, అచ్చుయంత్రం, 1517, విటెన్‌బర్గ్ చర్చి తలుపు, 95 అంశాలు అనే వరుసలో విద్యార్థి గబగబా రాసేసి మార్కులు తెచ్చుకుంటాడు. రాసినదాంట్లో పెద్ద తప్పులేవీ ఉండవు. అయితే లూథర్ దేనికోసం అంత తెగించాడో, ఆయన మాటలు విని ఉత్సాహపడినవాళ్లలోనే కొందరు ఎనిమిదేళ్లు తిరక్కుండా ఆయన్ను ద్రోహి అని ఎందుకన్నారో ఆ జవాబు రాసినవాడికీ తెలియదు, దిద్దినవాడికీ అక్కర్లేదు. డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెబుతూ వస్తున్న నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ సంస్కర్తలను జీవితచరిత్రల వరుసగా చెప్పడం మానుకొని వాళ్లు పడిన వాదాలుగా చెప్పాలి. ఆ వాదాల్లో వాళ్లు ఎవరినైతే ఓడించారో, ఎవరి నోరు నొక్కారో వాళ్ల మాటలను కూడా పక్కనే పెట్టి చదివించాలి.

సంస్కర్త అనగానే మన విద్యార్థికి కందుకూరి వీరేశలింగమో, రాజా రామ్మోహన్ రాయో మనసులో మెదులుతారు. ఒక దురాచారం ఉంది, దాన్ని చూసి చలించిన మనిషి ఉన్నాడు, ఆయన పత్రిక పెట్టాడు, సభలు జరిపాడు, తిట్లు తిన్నాడు, చివరకు సమాజాన్ని కొంత కదిలించాడు. ఈ కథలో లూథర్‌ను కూర్చోబెడితే ఆయన లోకంలోని అన్యాయాన్ని చూసి తిరగబడిన ఉద్యమకారుడైపోతాడు. కానీ 1505 జులైలో స్టోటర్న్‌హైమ్ దగ్గర ఉరుములు మెరుపుల మధ్య ప్రాణభయంతో మఠంలో చేరతానని మొక్కుకొని, ఎర్ఫర్ట్‌లోని అగస్టీనియన్ సన్యాసుల్లో కలిసిన ఆ యువకుడి బాధ లోకాన్ని గురించి కాదు. ఉపవాసాలు చేసి, జాగారాలు చేసి, గంటల తరబడి పాపసంకీర్తనం చేసిన, అంటే గురువు దగ్గర తన పాపాలు ఒప్పుకొన్న తర్వాత కూడా దేవుడు తనను అంగీకరించాడన్న నిశ్చయం కలగలేదన్నది ఆయన బాధ. "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" అని పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని వాక్యంలో ఆయనకు జవాబు దొరికింది. మనిషి తన పుణ్యకార్యాలతో దేవుడి మెప్పును సంపాదించుకోలేడు. అది ఉచితంగా వచ్చేదే గనుక నమ్మి అందుకోవడం తప్ప మనిషి చేయగలిగింది లేదు. ఇది బోధపడకపోతే పాపపరిహార పత్రాల మీద ఆయన కోపం వట్టి అవినీతి వ్యతిరేకతగానే కనిపిస్తుంది. అవినీతిని తిట్టినవాళ్లకు ఆ కాలంలో కొదవ లేదు. డచ్ పండితుడు ఎరాస్మస్ అంతకంటే పదునుగా వెక్కిరించాడు, చివరిదాకా క్యాథలిక్కుగానే ఉండిపోయాడు.

పాపపరిహార పత్రాల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. డబ్బు కడితే పాపం పోతుందని చీటీలు అమ్మారని మన గైడ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. క్యాథలిక్ సిద్ధాంతం అది కాదు. పశ్చాత్తాపపడి గురువు దగ్గర పాపసంకీర్తనం చేసినవాడికి అపరాధం నుంచి క్షమాపణ దొరుకుతుంది. ఆ తర్వాత కూడా అనుభవించవలసిన శిక్ష కొంత మిగులుతుంది. బతికుండగా తీరనిది చనిపోయాక ఉత్తరించు స్థలంలో తీరుతుంది. ఆ మిగులు శిక్షను తగ్గించే అధికారం చర్చికి ఉంది. సిద్ధాంతం ఇంతవరకే. ఈ తగ్గింపును చనిపోయినవారి పేరిట కూడా పొందవచ్చునని 1476లో పోప్ నాలుగో సిక్స్‌టస్ ప్రకటించడంతో వ్యవహారం మరో దారి పట్టింది. కన్నతల్లి మంటల్లో అలమటిస్తోందని వేదిక మీద నుంచి ఒకడు కేకలు వేసి చెబుతుంటే సిద్ధాంతంలోని సూక్ష్మాలు ఎవరికి గుర్తుంటాయి? తరగతిలో క్యాథలిక్ విద్యార్థి కూడా కూర్చొని ఉంటాడు గనుక సిద్ధాంతం ఇది, సంతలో జరిగింది ఇది అని రెండింటినీ విడదీసి చెప్పడం న్యాయం.

ఇక డబ్బు లెక్క. బ్రాండెన్‌బర్గ్ రాజవంశానికి చెందిన ఆల్‌బ్రెక్ట్ అప్పటికే మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్పు. ఇంకా పాతికేళ్లు నిండకుండానే 1514లో మైన్జ్ ఆర్చిబిషప్పు పదవిని కూడా సంపాదించాడు. ఒకే మనిషి ఇన్ని పీఠాలు ఏలడానికి రోము నుంచి ప్రత్యేక అనుమతి కావాలి, దానికి భారీగా సొమ్ము కట్టాలి. ఆ సొమ్మును ఆగ్స్‌బర్గ్‌లోని ఫుగ్గర్ల బ్యాంకు అప్పిచ్చింది. అప్పు తీర్చుకోవడానికి ఆయన ప్రాంతాల్లో పాపపరిహార పత్రాల అమ్మకానికి అనుమతి దొరికింది. వసూలైనదాంట్లో సగం రోములో కడుతున్న సెయింట్ పీటర్స్ చర్చికి, సగం ఫుగ్గర్ల బాకీకి. ఊరూరా తిరిగి ప్రచారం చేసినవాడు డొమినికన్ సన్యాసి యోహాన్ టెట్జెల్. రేట్లు కూడా హోదాను బట్టి ఉన్నాయి: రాజులకూ ఆర్చిబిషప్పులకూ 25 బంగారు గిల్డర్లు, కిందికి వచ్చేకొద్దీ తగ్గుతూ చేతివృత్తులవాళ్ల దగ్గరకు వచ్చేసరికి ఒకటి, ఏమీ లేనివాళ్లకు ప్రార్థన, ఉపవాసం. ఈ పట్టీని బోర్డు మీద రాసినప్పుడల్లా తరగతిలో నవ్వులు వినిపిస్తాయి. బ్యాంకు, పదవి, అప్పు, కమీషను అనే మాటలు మనవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. నవ్వులు సద్దుమణిగాక 95 అంశాల్లో నాలుగైదింటిని చదివిస్తాను. 86వది ఇలా అడుగుతుంది: ధనవంతుల్లోకెల్లా ధనవంతుడైన క్రాసస్ కంటే కూడా ఎక్కువ సంపద ఉన్న పోప్ ఆ ఒక్క చర్చినీ బీద విశ్వాసుల డబ్బుతో కాక సొంత డబ్బుతో ఎందుకు కట్టడు? 82వది ఇంకా సూటిగా ఉంటుంది. కట్టడం కోసం డబ్బు తీసుకొని లెక్కలేనన్ని ఆత్మలను విడిపించగలిగిన పోప్, కేవలం ప్రేమతో అందరినీ ఒక్కసారే ఎందుకు విడిపించడు? ఈ రెండూ తన సొంత ప్రశ్నలని లూథర్ చెప్పుకోలేదు. మామూలు జనం అడుగుతున్నవి, వాటికి జవాబు చెప్పడం పండితులకు కష్టంగా ఉంది అని రాశాడు.

అదే సమయంలో లూథర్‌ను కాపాడిన సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ సంగతి దాటవేయకూడదు. తన రాజ్యంలో టెట్జెల్‌ను అడుగుపెట్టనివ్వని ఈయన దగ్గర పరిశుద్ధుల ఎముకలు, వస్త్రాల ముక్కలు వంటి పవిత్రావశేషాలు 1520 నాటికి 19,013 ఉన్నాయి. ఏటా నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగనాడు, వాటిని దర్శించుకొని కానుక వేసినవారికి ఉత్తరించు స్థలంలో శిక్ష తగ్గుతుంది. అవి ఉన్నది ఎక్కడ? లూథర్ తన 95 అంశాలను తలుపుకు మేకు కొట్టాడని మనం చెప్పుకొనే ఆ విటెన్‌బర్గ్ కోట చర్చిలోనే. అక్టోబరు 31 అంటే ఆ పండుగ ముందురోజు. తలుపు కథకు బలమిచ్చే సంగతి ఇదొక్కటే. సాక్ష్యం మాత్రం పలచన. తలుపుకు తగిలించాడని అచ్చులో మొదట తెలియజేసినవాడు లూథర్ సహచరుడు ఫిలిప్ మెలాంక్థన్, అదీ 1546లో లూథర్ చనిపోయాక. పైగా ఆయన విటెన్‌బర్గ్‌కు వచ్చింది 1518లో. దీన్ని 1961లో ఎర్విన్ ఇసెర్లో అనే క్యాథలిక్ చరిత్రకారుడు ప్రశ్నించినప్పటి నుంచి చర్చ నడుస్తూనే ఉంది. అదే రోజు లూథర్ ఆల్‌బ్రెక్ట్‌కు రాసిన ఉత్తరం మాత్రం ఇప్పటికీ ఉంది. మన పుస్తకాల్లో మేకు, సుత్తి బొమ్మ ఉంటుంది, ఉత్తరం ఉండదు. చరిత్ర విద్యార్థికి ఏది బలమైన ఆధారమో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఈ పాఠంలో దొరకలేదు.

ఇక్కడిదాకా చెప్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. నా వాదన అసలు మొదలయ్యేది 1521 తర్వాత. ఆ ఏడాది ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి అయిదో చార్లెస్ ఎదుట రాతలన్నీ వెనక్కి తీసుకొమ్మని అడిగినప్పుడు, లేఖనాల సాక్ష్యంతోగానీ స్పష్టమైన తర్కంతోగానీ తనను ఒప్పిస్తే తప్ప వెనక్కి తీసుకోలేననీ, తన మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ అనీ లూథర్ చెప్పాడు. మన పాఠ్యపుస్తకాల కథ దాదాపుగా ఈ శిఖరం దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత ఒక వాక్యం బైబిలు అనువాదం గురించి, ఒక వాక్యం లూథరన్ చర్చి స్థాపన గురించి. నాలుగేళ్ల తర్వాత ఇదే మాటను ఇంకెవరో పలికారనీ, వాళ్లకు ఏం జరిగిందనీ పిల్లలకు తెలిసే అవకాశమే లేదు.

1525 మార్చిలో దక్షిణ జర్మనీలోని మెమ్మింగెన్ పట్టణంలో రైతుల ప్రతినిధులు సమావేశమయ్యారు. తోళ్లపని చేసే సెబాస్టియన్ లోట్జర్ అనే అతను, బోధకుడు క్రిస్టోఫ్ షాప్పెలర్ సాయంతో వాళ్ల కోరికలను 12 అంశాలుగా కూర్చాడు. ఆ కాగితం అచ్చయి కొద్ది వారాల్లోనే జర్మన్ నేలంతా పాకింది. మా బోధకుడిని మేమే ఎన్నుకుంటాం. ధాన్యంలో దశమభాగం ఇస్తాం, అయితే అది బోధకుడి పోషణకూ బీదలకూ ఖర్చు కావాలి. క్రీస్తు తన రక్తంతో పశువుల కాపరి మొదలు ప్రభువు దాకా అందరినీ విడిపించాడు గనుక మేము ఎవరికీ బానిసలం కాము. అడవిలో కట్టెలు, వాగులో చేపలు దేవుడు అందరికీ ఇచ్చినవి. ప్రభువుల పొలాల్లో మా చేత చేయించుకునే చాకిరి నానాటికీ పెరుగుతోంది, తగ్గించండి. ఇంటి పెద్ద చనిపోతే విధవల దగ్గరా అనాథల దగ్గరా ఉన్నది లాక్కొనే పద్ధతి ఆపండి. ఇవన్నీ చెప్పి చివరిదైన పన్నెండో అంశంలో, పైవాటిలో ఏదైనా దేవుని వాక్యానికి విరుద్ధమని లేఖనాలు చూపించి నిరూపిస్తే దాన్ని వదులుకుంటామని రాశారు. వర్మ్స్‌లో లూథర్ నిలబడిన నేల మీదే వాళ్లూ నిలబడ్డారు.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఈ పన్నెండు అంశాలు ఇస్తే ముందుమాట అవసరం ఉండదు. వెట్టి గురించి తాతల దగ్గర విన్న కథలు కొందరి ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వెట్టి సంగతి, అడవి సంగతి చదువుతున్నప్పుడు వాళ్లు ఆగుతారు. లూథర్ జవాబు దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగుతారు. మొదట ఏప్రిల్‌లో రాసిన దాంట్లో ఆయన ప్రభువులను కూడా గట్టిగానే చీవాట్లు పెట్టాడు, ఈ తిరుగుబాటుకు కారకులు మీరేనన్నాడు. కానీ బానిసత్వం గురించిన మూడో అంశం దగ్గర, ఇది క్రైస్తవ స్వేచ్ఛను శరీరానికి సంబంధించినదిగా మార్చేస్తోందనీ, అబ్రాహాము వంటి పితరులకు కూడా బానిసలు ఉండేవారనీ వాదించాడు. అల్లర్లు పెరిగాక మేలో రాసిన చిన్న పుస్తకంలో తిరుగుబాటుదారులను రహస్యంగానో బహిరంగంగానో పొడవండి, నరకండి, చంపండి అన్నాడు. అది అచ్చయి చేతికి అందే నాటికి ప్రభువుల సైన్యాలు ఆ పనిలోనే ఉన్నాయి. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ దగ్గర వేలమందిని ఊచకోత కోశారు, రైతుల పక్షాన నిలిచిన బోధకుడు థామస్ మ్యూంట్జర్‌ను చిత్రహింసలు పెట్టి తల నరికారు. మొత్తం మీద చనిపోయినవారు 70 వేల నుంచి లక్ష దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఇంత కఠినంగా రాశావేమని స్నేహితులే అడిగితే జులైలో సమర్థించుకుంటూ ఇంకో ఉత్తరం అచ్చువేయించాడు.

ఈ పాఠం జరిగిన ఒక రోజు గుంటూరు వైపు లూథరన్ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి లేచి, "మా సండే స్కూల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు సార్" అంది. గొంతులో కోపం ఉంది. అది నా మీదా, సండే స్కూలు మీదా అన్నది తేలలేదు. వెనక బెంచీ అబ్బాయి, "ఆయన మాట నమ్మి లేచినోళ్లను ఆయనే కొట్టమన్నాడా?" అన్నాడు. ఆ అమ్మాయే కాసేపు ఆలోచించి, "ప్రభువులు కాపాడకపోతే ఆయన్ను 1521లోనే కాల్చేసేవాళ్లు కదా, వాళ్లను వదులుకొని ఎక్కడికి పోతాడు?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆ మాటతో చర్చ మంచి చెడ్డల నుంచి రాజకీయాల్లోకి దిగింది. చక్రవర్తి శాసనంతో చట్టం రక్షణ కోల్పోయిన మనిషి, వార్ట్‌బర్గ్ కోటలో మారుపేరుతో దాక్కొని కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చిన మనిషి, ఫ్రెడరిక్ వంటివాళ్ల నీడ లేకుండా బతకలేడు. అయితే ఆయన ఆధ్యాత్మిక రాజ్యం వేరు, లౌకిక రాజ్యం వేరు అని 1523లోనే రాశాడు గనుక ఇది ప్రాణభయంతో తిప్పిన మాట అని కూడా అనలేము. రెండు వివరణలకూ ఆధారాలున్నాయి. జీవితచరిత్రగా చెబితే ఈ ప్రశ్న పుట్టే చోటే ఉండదు.

ఇలాంటి సందర్భమే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉంది, అది మనకు ఇంకా దగ్గర. 1522లో లెంటు దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు మాంసం ముట్టకూడని రోజుల్లో, అచ్చుపని చేయించే ఫ్రోషౌవర్ ఇంట్లో కొందరు సాసేజీలు తిన్నారు. బోధకుడు ఉల్రిచ్ జ్వింగ్లీ అక్కడే ఉండి కూడా తినలేదు గానీ తర్వాత వాళ్ల తరఫున వాదించాడు: లేఖనాల్లో లేని నియమం క్రైస్తవుడిని బంధించదు. ఈ సూత్రాన్ని ఆయన శిష్యులే కొందరు మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇమ్మని లేఖనాల్లో ఎక్కడుంది? నమ్మినవాడు ఎరిగి తీసుకోవాల్సింది కదా? 1525 జనవరి 21న జ్యూరిక్‌లో కాన్రాడ్ గ్రేబెల్, ఫీలిక్స్ మాంజ్ తదితరులు కలుసుకున్నప్పుడు పెద్దవాళ్లకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వడం మొదలైంది. ఇలా చేసేవారిని నీళ్లలో ముంచి చంపాలని నగర పాలకమండలి శాసించింది. 1527 జనవరి 5న మాంజ్‌ను చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచేశారు. జ్వింగ్లీ అభ్యంతరం చెప్పలేదు.

ఈ మాట చెప్పాక తరగతిలో ఎవరెవరి ఊళ్లో ఏ చర్చి ఉందో బోర్డు మీద రాయిస్తాను. హిందువుల, ముస్లింల పిల్లలు కూడా ఉత్సాహంగా చెబుతారు, ఊళ్లో ఏ చర్చి ఏదో వాళ్లకూ తెలుసు. గుంటూరు, పల్నాడు అంటే లూథరన్లు. 1842లో అమెరికా నుంచి హేయర్ గుంటూరు చేరినప్పటి నుంచి నడిచిన మిషను అది. ఒంగోలు, నెల్లూరు అంటే బాప్టిస్టులు. దోర్నకల్, మెదక్ అంటే సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం. ఎక్కడ చూసినా ఆర్.సి.ఎం. అనే రోమన్ క్యాథలిక్ వాళ్లుంటారు. పాలమూరు పిల్లలు మెన్నొనైట్ బ్రదరన్ అని చెబుతారు, ఆ పేరు ఎక్కడిదో వాళ్లకే తెలియదు. జ్యూరిక్‌లో మాంజ్‌తో పాటు మొదలై, క్యాథలిక్కులూ లూథరన్లూ కూడా వేటాడగా, నెదర్లాండ్స్‌లో మెన్నో సైమన్స్ అనే మాజీ గురువు కూడగట్టిన శాంతివాదుల సంతతి మెన్నొనైట్లు. ఊరు ఊరు తిరిగి రష్యా దాకా, అమెరికా దాకా చెదిరిపోయిన ఆ సమాజం నుంచే పంతొమ్మిదో శతాబ్ది చివర మిషనరీలు నల్గొండకు వచ్చారు, తర్వాత మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డారు. లిమ్మాట్ నదిలో మునిగినవాడికి పాలమూరు గుడిసెలో ప్రార్థన చేసుకునే ముసలమ్మకు ఉన్న బంధుత్వం ఇది. 2010లో స్టుట్‌గార్ట్‌లో సమావేశమైన ప్రపంచ లూథరన్ సమాఖ్య తమ పూర్వికులు చేసిన హింసకు మెన్నొనైట్లను క్షమించమని అడిగింది. ఆ సమాఖ్యలో గుంటూరు లూథరన్లు కూడా సభ్యులే. తెలుగువాళ్లలో ఒక సమాజం తరఫున మరో సమాజానికి క్షమాపణ అందిన ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికైనా నోచుకోలేదు.

ఇన్ని చర్చిలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు కూడా బోర్డు ముందే జవాబు చెప్పవచ్చు. 1529 అక్టోబరులో మార్బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ ముఖాముఖి కూర్చున్నారు. 15 అంశాల్లో 14 దగ్గర ఏకాభిప్రాయం కుదిరింది. మిగిలిన ఒక్కటి ప్రభురాత్రి భోజనం: రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా, లేక అది జ్ఞాపకచిహ్నమా? "ఇది నా శరీరము" అన్న వాక్యాన్ని లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసుకొని కదలలేదు. రెండు పక్షాలూ విడిపోయాయి. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారన్న సంగతిని దీనితో కలిపి చెబితే మార్బర్గ్ ఎక్కడో ఉన్న ఊరుగా మిగిలిపోదు.

జెనీవా సంగతికి వస్తే, అక్కడి సంస్కర్త కాల్విన్‌ను సాధారణంగా క్రమశిక్షణ, పొదుపు, పెట్టుబడిదారీ విధానం అనే మూడు మాటల్లో ముగిస్తారు. ఆయన్ను అర్థం చేసుకోవడానికి నేను పెట్టే పాఠం 1553. స్పెయిన్ దేశపు వైద్యుడు మైకేల్ సెర్వెటస్ తన గ్రంథంలో త్రిత్వ సిద్ధాంతాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని కాదన్నాడు. ఊపిరితిత్తుల గుండా రక్తం ప్రసరించే తీరును యూరపులో మొదట అచ్చులో వివరించింది కూడా ఆయనే, అదీ ఆ మతగ్రంథంలోనే. ఫ్రాన్స్‌లోని వియెన్‌లో క్యాథలిక్ అధికారులు ఆయన్ను పట్టుకోవడానికి పనికొచ్చిన ఉత్తరాలు కాల్విన్ దగ్గర నుంచే వెళ్లాయి. అక్కడి నుంచి తప్పించుకొని ఎందుకోగానీ జెనీవాకే వచ్చి, చర్చిలో గుర్తుపట్టబడి, అక్టోబరు 27న షాంపెల్ గుట్ట మీద సజీవదహనమయ్యాడు. కాల్చవద్దు, తల నరకండి అని కాల్విన్ కోరాడు, మండలి వినలేదు. అప్పటికి కాల్విన్ జెనీవా పౌరుడు కూడా కాదు. తీర్పు ఇచ్చింది నగర మండలి, సమర్థించింది ఇతర స్విస్ నగరాల చర్చిలు. కాల్విన్ ఒక్కడినే నిందించడం తేలిక, వదిలిపెట్టడం అంతకంటే తేలిక. అందుకే ఆయన పక్కన సెబాస్టియన్ కాస్టెల్లియోను తప్పక చదివించాలి. ఒకప్పుడు జెనీవాలో కాల్విన్ కిందే బడి పంతులుగా పనిచేసి, విభేదించి బాసెల్‌కు వెళ్లిపోయిన ఈయన, ఒక మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, అది మనిషిని చంపడమేనని రాశాడు. ఆ రచన ఆయన బతికుండగా అచ్చుకాలేదు, 1612లో నెదర్లాండ్స్‌లో వెలుగు చూసింది. ఆ కాలపు మనుషులను ఈ కాలపు కొలతలతో కొలవకూడదని చెప్పి నా నోరు మూయించాలనుకునేవారికి కాస్టెల్లియోను చూపిస్తాను. ఆయనా ఆ కాలపు మనిషే, ప్రొటెస్టెంటే, అదే బైబిలు చదివినవాడే.

యూదుల గురించి 1543లో లూథర్ రాసిన పుస్తకాన్ని కూడా తప్పించుకోకూడదు. 1523లో వాళ్లను దయగా చూడమన్నవాడే ఇరవై ఏళ్ల తర్వాత ప్రార్థనామందిరాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూల్చమన్నాడు. నాలుగు శతాబ్దాల తర్వాత న్యూరెంబర్గ్ విచారణలో నాజీ ప్రచారకుడు యూలియస్ స్ట్రైఖర్ తన సమర్థనకు లూథర్ పేరు వాడుకున్నాడు. తొమ్మిదో తరగతిలో ఇంత చెప్పాలా అంటే అక్కర్లేదంటాను. డిగ్రీలో చెప్పకపోతే మాత్రం దాచినట్టే.

పాఠాన్ని ఇలా చెప్పడానికి మూడు అభ్యంతరాలు వింటుంటాను. విశ్వాసులైన విద్యార్థుల మనసు నొచ్చుకుంటుందన్నది మొదటిది. నా అనుభవంలో నొచ్చుకునేది వాళ్ల మతాన్ని ఎత్తిపొడుపుగా చెప్పినప్పుడు. మూలపత్రాలు చేతికిచ్చి, లూథర్ చిన్న ప్రశ్నోత్తరిని కూడా అంతే గౌరవంగా చదివించినప్పుడు ఎవరూ నొచ్చుకోలేదు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో జర్మనీలోని హాలే నగరంలో 1740ల్లో బెంజమిన్ షుల్ట్జె వేయించిన ప్రశ్నోత్తర గ్రంథం ఒకటని చెబితే ఆ పిల్లల ముఖాలు వెలుగుతాయి కూడా. క్యాథలిక్ విద్యార్థులకు వాళ్ల చర్చి పెద్దలు జరిపిన ట్రెంట్ సభ గురించి, జెసూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా గురించి ప్రతిసంస్కరణ అనే ఒక్క శీర్షిక కింద పడేయకుండా వాళ్ల చర్చి తనను తాను సరిదిద్దుకున్న కథగా చెప్పడం కూడా ఈ న్యాయంలో భాగమే. రెండో అభ్యంతరం ఇతర మతాల పిల్లలకు ఇది హేళనకు పనికొస్తుందన్నది. అది గురువు చేతిలో ఉంది. లేఖనానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది, ఆ అధికారం చేతికొచ్చాక కిందివాడికి ఇస్తారా అన్న ప్రశ్నను ఏ మతం పిల్లవాడు తన ఇంటి వైపు తిప్పుకోకుండా ఉండగలడు? ఆ తిప్పుకోవడాన్ని నేను నోటితో చెప్పను. చెబితే అది ఉపన్యాసమవుతుంది.

మూడోది సమయం, అది నిజమైన అడ్డంకి. సిలబసులో ఈ పాఠానికి మూడు పీరియడ్లు దొరికితే గొప్ప. కారణాల జాబితాను ఇంట్లో చదువుకొమ్మని వదిలేస్తే ఆ మూడూ సరిపోతాయి. మొదటి పీరియడ్లో రేట్ల పట్టీ, 95 అంశాల్లో అయిదు. రెండోదాంట్లో వర్మ్స్ మాటలు, మెమ్మింగెన్ 12 అంశాలు, లూథర్ రెండు జవాబులు. మూడోదాంట్లో జ్యూరిక్, జెనీవా, బోర్డు మీద మన చర్చిల పేర్లు. స్కాట్లండ్, జాన్ నాక్స్, ఇంగ్లండు ఎనిమిదో హెన్రీ పెళ్లిళ్లు మిగిలిపోతాయి, పోనివ్వండి. హెన్రీ సంగతి పిల్లలు ఎలాగూ ఎక్కడో ఒకచోట వింటారు. ఆర్గులా ఫాన్ గ్రుంబాఖ్‌ను మాత్రం ఎలాగైనా ఇరికిస్తాను. 1523లో ఒక కుర్రవాడిని లూథర్ భావాలున్నాయని ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయం నిర్బంధిస్తే, లాటిన్ రాదు గానీ జర్మన్‌లో వాదానికి సిద్ధమని పండితులందరికీ సవాలు విసిరిన గృహిణి ఆమె. ఉత్తరం ముద్రణ మీద ముద్రణ పడింది, పండితులు జవాబివ్వలేదు, భర్త ఉద్యోగం పోయింది.

యూనివర్సిటీ పేపరును మార్చడం నా చేతిలో లేదు. ఇంటర్నల్ పరీక్ష నా చేతిలో ఉంది గనుక అందులో ఇస్తున్న ప్రశ్న ఇది: "1521లో వర్మ్స్ సభలో లూథర్ చెప్పిన మాటనూ, 1525 నాటి రైతుల పన్నెండో అంశాన్నీ పోల్చండి. రైతుల కోరికలను లూథర్ తోసిపుచ్చడం ఆయన సిద్ధాంతానికి అనుగుణమా, విరుద్ధమా? వాదించండి." ఎటు వాదించినా మార్కులు ఒకటే. పన్నెండో అంశంలో ఏముందో రాయకుండా వాదించినవారికి మాత్రం సగం కోస్తాను.